పూచీ పొయ్యి

బహుళ పాడ్యమి

ఈ పూట పొయ్యి అంటుకునేసరికి పొద్దెక్కింది. నాచు పిడకలు రాత్రి మంచుకి మెత్తబడిపోయి ఎంత ఊదినా రాజుకోవు. ఈలోపు ఎదురుగా కాపలా బురుజు మీద కూర్చున్నవాడు గంట కొట్టడం మొదలెట్టాడు. నా ఇంటి పొగగొట్టంలోంచి పొగ లేచేదాకా వాడు ఆపడు, నాకు చిరాకు పోదు. ఒక ఆడమనిషి ఎసరు పెట్టిందా లేదా అని ఒక దేశమంతా తలెత్తి చూడడం ఎక్కడైనా ఉందా? ఇక్కడ ఉంది.

నెలనెలా ఎవడో ఒక కొత్త గుమాస్తా ఈ చిట్టా చదువుతాడు కాబట్టి నా సంగతి మళ్ళీ మొదట్నించి చెప్పుకోవాలట. చెబుతాను. నా పేరు నూకరత్నం. తూర్పు తీరం ప్రభుత్వం తరఫున ఈ తేలుడు దీవుల రేవులో కాపురం ఉంటున్న పూచీ మనిషిని. మనుషుల గొంతులూ మొహాలూ యంత్రాలు అచ్చం దించేయడం నేర్చాక ఏ ప్రభుత్వం మాటనీ ఇంకో ప్రభుత్వం నమ్మడం మానేసింది. అందుకని ఈ సముద్రం చుట్టూ ఉన్న అయిదు ప్రభుత్వాలూ కూర్చుని ఒక ఏర్పాటు చేసుకున్నాయి. కాపాడతానని ఒప్పందం మీద సంతకం పెట్టినవాడి సొంత మనిషి ఒకరు అవతలి రేవులో పొయ్యి పెట్టుకుని ఉండాలి. పొయ్యి వెలుగుతున్నంతకాలం ఒప్పందం ఉన్నట్టు, ఆరితే పోయినట్టు. మాట తప్పితే ఆ పూచీ మనిషి ప్రాణం అవతలివాళ్ళ చేతిలో. మా వైపు సంతకం పెట్టింది మా ప్రభుత్వం నడిపే నా తమ్ముడు సన్యాసిరావు.

మేం బియ్యం పంపుతాం. దీవులవాళ్ళు సముద్రపు నీళ్ళని మంచినీళ్ళు చేసే జల్లెడలు పంపుతారు, మా సరుకు ఓడల వెంట వీళ్ళ కాపలా పడవలు నడుస్తాయి. దీవుల మీదికి ఎవరైనా వస్తే మా పెద్ద ఓడలు వచ్చి అడ్డం నిలవాలి. ఎవరైనా అంటే ఇంకెవరు, సాగర సంస్థవాళ్ళే. వాళ్ళకి ఊరూ లేదు, నేలా లేదు, ఓడలే ఉన్నాయి. ఆ జల్లెడలు చేసే ఈ దీవుల నీటి కర్మాగారం మీద కన్నేసి ఎన్నాళ్ళనుంచో తిరుగుతున్నారు.

నా గడువు ఈ నెలతో సరి. బియ్యం ఓడలో నా బదులు మనిషి దిగాలి, అదే ఓడెక్కి నేను ఇంటికి పోవాలి. పెట్టె సర్దేసి గుమ్మం పక్కన పెట్టుకున్నాను.

బహుళ తదియ

ఓడ వచ్చింది. బదులు మనిషి రాలేదు. నా ఇంటికి నెలకి ఒక బస్తా రావలసిన చోట ఎనిమిది బస్తాలు దింపారు.

తమ్ముడితో తెర మీద మాట్లాడాను. తెర మీద ఎవరితో మాట్లాడాలన్నా ముందు ఆనవాలు అడగాలి. ఇద్దరికే తెలిసిన సంగతేదో అడిగి, సరిగ్గా చెబితేనే నోరు విప్పాలి. చిన్నపిల్లలు కూడా అమ్మని అడిగి గాని పలకని రోజులివి. నేను మాత్రం తమ్ముణ్ణి ఎన్నడూ అడగలేదు. అయినవాణ్ణి ఆనవాలు అడగడమంటే మొహాన ఉమ్మినట్టే. ఉప్పెనలో అమ్మా నాన్నా పోయాక వాణ్ణి నేనే పెంచాను. పెళ్ళి మాట కూడా తలపెట్టలేదు. వాడికి ఆనవాలేమిటి?

"బదులు మనిషికి ఒంట్లో బాగోలేదక్కా. వచ్చే ఓడలో పంపిస్తా. ఇంక కొన్నాళ్ళు ఓపిక పట్టు" అన్నాడు.

"ఎనిమిది బస్తాలు ఎందుకురా? నానేమైనా బకాసురుణ్ణా?"

"తిను అక్కా. నీకోసమే పంపాను" అన్నాడు. గొంతు బొంగురుపోయింది. జలుబు చేసినట్టుంది, మిరియాల పాలు తాగమన్నాను.

రేవు పెద్ద ఖిన్ దాలమ్మ బస్తాలు చూసి నడుం మీద చెయ్యేసుకుని నిలబడింది. ఈమె ముత్తాతలు మా వైపునుంచి సముద్రం దాటి రంగం పట్నం పోయినవాళ్ళు. అక్కడా నీళ్ళు ముంచేస్తే ఈ దీవుల మీదికి చేరారు. పేరులో సగం అక్కడిది, మాట మాత్రం ఇంకా మనదే. నేనామెని వదినా అంటాను, ఆమె నన్ను వదినా అంటుంది. ఎవరు ఎవరికి వదినో ఇద్దరికీ తెలీదు.

"ఏటి వదినా, ఊరందరికీ సంతర్పణ సేత్తావేటి?" అంది.

"అక్క ఆకలికి ఆగలేదని మావోడికి తెలుసులే" అన్నాను, గొప్పగా.

"మన దోస్తీ మీద మీ ఓళ్ళకి నమ్మకం పెరిగినట్టుంది. ఒక నెల తిండి కాదు, ఎనిమిది నెలల తిండి పంపినారంటే మాటలా" అంది. ఇద్దరం సంబరపడ్డాం. ఈ ముక్క రెండు ప్రభుత్వాలూ గమనించాలని రాస్తున్నాను.

ఒక్కటే బాగోలేదు. ఓడ సరంగు పోలారావు ప్రతిసారీ నా అరుగు మీద కూర్చుని రెండుసార్లు పులుసు అడిగి మరీ పోయించుకునేవాడు. ఈసారి కడుపు బాగోలేదన్నాడు. తమ్ముడికని కట్టిన ఎండు రొయ్యల పొట్లం కూడా పట్టుకెళ్ళనన్నాడు. "ఈసారికి వద్దులే అమ్మా" అంటూ నా మొహం చూడకుండా తాడు చుట్టుకుంటూ నిలబడ్డాడు. వాడి పెళ్ళాంతో గొడవేమో.

బహుళ పంచమి

మా ప్రభుత్వం కబురు పంపింది. సరుకు ఓడలన్నీ ఒక్కసారే దక్షిణానికి పోతున్నాయట, కాపలా పడవలన్నీ కావాలట. ఎప్పుడూ సగమే పోతాయి, సగం రేవులో ఉంటాయి. దాలమ్మ వెంటనే ఒప్పుకోలేదు. ఒప్పుకోకపోవడం ఆమె పని. ఇలాంటప్పుడు ఏం చెయ్యాలో ఒప్పందంలోనే ఉంది, పూచీ ముద్ద.

నా ఇంటి బియ్యం నా పొయ్యి మీద వండాను. రేవు జనం గుమ్మం ముందు నిలబడ్డారు. ముద్ద కలిపి చేతిలో పట్టుకున్నాను. ఈ ముద్ద నేను ముందు రుచి చూడకూడదు. వండినదాని మాట మీద నమ్మకంతో అవతలివాళ్ళే ముందు తినాలి.

"నీ తమ్ముడి మాట నిజమేనా?" అని దాలమ్మ అందరి ముందూ అడిగింది.

"ఆడి మాట నా మాట" అన్నాను.

నా చేతిలోంచి తింది. తిన్నాక చెవిలో, "ఉప్పు ఎక్కువేసినావే" అని గొణిగింది. నవ్వాపుకోలేక చచ్చాను.

బహుళ సప్తమి

పడవలన్నీ పోయాయి. రేవు బోసిగా ఉంది. దూరం పోయిన పడవలకి మాటల్లో కబురు పంపరు, పంపినా సరంగులు నమ్మరు. సముద్రంలో వరసగా బురుజులున్నాయి. ఇక్కడ ఎర్రదీపం వెలిగిస్తే అది చూసి పక్క బురుజువాడు, వాణ్ణి చూసి ఆ పక్కవాడు వెలిగిస్తారు. అది కనబడితే పడవలు వెనక్కి తిరుగుతాయి. ఆ దీపం వెలిగించడం ఇప్పటిదాకా ఎవరూ చూడలేదు.

బియ్యం ఓడ కూడా బయల్దేరింది. ఈ రేవులో మన తీరంవాళ్ళ దుకాణాలన్నీ మూసి ఉన్నాయి. బట్టల కొట్టాయన, నూనె కొట్టు సత్తెమ్మ, మందుల కొట్టు దంపతులు, అందరూ ఆ ఓడలోనే ఇంటికి పోయారు. ఎవరిదో పెళ్ళట. సత్తెమ్మ మూట నెత్తిన పెట్టుకుని పరుగెడుతూ చెప్పింది.

నన్నెవరూ పిలవలేదు. నేను పొయ్యి వదిలి రాలేనని వాళ్ళకి తెలుసు, నిజమే. అయినా ఒక బొట్టు పెట్టి చెబితే వాళ్ళ సొమ్మేం పోయింది? సత్తెమ్మకి జ్వరమొస్తే మూడు పూటలూ గంజి కాచి పోసిన చెయ్యి ఇది. తిరిగి రానీ, ఉంది దానికి.

బహుళ దశమి

సీసాలో నూనె అయిపోయింది. సత్తెమ్మ కొట్టు వెనక తలుపు గొళ్ళెం నాకు తెలుసు. కొంచెం పోసుకుని, వచ్చాక చెప్పొచ్చులే అని లోపలికి వెళ్ళాను.

డబ్బాలు లేవు. త్రాసు లేదు. గోడ మీద దేవుడి పటం ఉండే చోట తెల్లటి చదరం మాత్రం మిగిలింది, చుట్టూ మసి. మేకు కూడా పీక్కుపోయారు.

పెళ్ళికి పోయేవాళ్ళు దేవుడి పటం పట్టుకుపోతారా?

బట్టల కొట్టు కిటికీలోంచి చూశాను. అక్కడా అంతే. ఇంటికొచ్చి బస్తాల మీద కూర్చున్నాను. ఎనిమిది బస్తాలు. వచ్చే నెల ఓడ వస్తుందనుకుంటే ఎనిమిది ఎవడైనా పంపుతాడా? ఛ, నా బుద్ధి పాడుగాను, సొంత తమ్ముడి మీద ఈ ఆలోచనలేమిటి అని లేచి, అన్నం వండుకున్నాను. తినబుద్ధి కాలేదు.

బహుళ ద్వాదశి

పొద్దున తమ్ముడు తెర మీదికి వచ్చాడు.

"అందరూ ఎవరి పెళ్ళికొచ్చినార్రా?" అన్నాను.

"ఏ పెళ్ళి?" అన్నాడు. తర్వాత, "ఆఁ, ఆ పెళ్ళా. బాగా జరిగిందక్కా" అన్నాడు.

అంటే ఏ పెళ్ళీ లేదన్నమాట. కానీ మరుక్షణం ఒక ఆలోచన వచ్చి ప్రాణం లేచొచ్చింది. ఇది వాడు కాదు. సంస్థవాళ్ళెవరో నా తమ్ముడి మొహం, గొంతు దించి యంత్రంతో మాట్లాడిస్తున్నారు. బస్తాలు పంపిందీ, పడవలు పిలిపించిందీ అదే. నా తమ్ముడికి ఇవేమీ తెలీవు. ఎంత సంతోషం వేసిందో రాయలేను.

"ఆనవాలు చెప్పు" అన్నాను.

తెర మీద మొహం తెల్లబోయింది. "నన్నా అక్కా?"

"నిన్నే. ఉప్పెన రోజు చూరు మీద కూచున్నప్పుడు నీకు తినడానికి ఏటి పెట్టినాను?"

ఇది నేనెవరికీ చెప్పలేదు. ఏ యంత్రానికీ తెలిసే దారి లేదు. తప్పు చెప్పాలని మొక్కుకున్నాను. అన్నమనాలి, రొట్టె అనాలి, గుర్తులేదనాలి.

వాడు తెరకి దగ్గరగా జరిగాడు. తర్వాత ఆఫీసు భాష పోయి చిన్నప్పటి గొంతు వచ్చింది. "పచ్చి బియ్యం. నువ్వు నమిలి నా నోట్లో ఎట్టినావు. నువ్వేటీ తినలేదు."

వాడే.

యంత్రమైతే ఎంత బావుండేదో. తెర ముందు నేలమీద కూలబడిపోయాను.

"మరి నన్నొగ్గేసినావేట్రా, సన్నాసీ?" అన్నాను.

"సంస్థ మనకి సగం ధరకే నీళ్ళిస్తానంది అక్కా. దీవుల కర్మాగారం వాళ్ళ చేతికొస్తే చాలు, మనం ఏం చెయ్యక్కర్లేదు, ఊరికే ఉంటే చాలు. ఇక్కడ అంతమంది జనం గొంతెండిపోతున్నారు. నేను వాళ్ళని చూసుకోవాలి కదా. నిన్ను ముందే కదిపితే దీవులవాళ్ళకి తెలిసిపోద్ది."

"కొట్లోళ్ళని కదిపినావు గదరా."

"వాళ్ళ పొయ్యి ఎవరూ చూడరు కదక్కా."

సమాధానం ఎంత బాగా చెప్పాడో. చిన్నప్పుడు లెక్కలు కూడా ఇలాగే టకటకా చెప్పేవాడు.

"నిన్నేమీ చెయ్యకూడదని సంస్థవాళ్ళ దగ్గర మాట తీసుకున్నాను. అమావాస్యకి వస్తారు. వాళ్ళే నిన్ను పువ్వులా తెచ్చి దింపుతారు" అన్నాడు.

"ఆళ్ళ మాటకి పూచీ ఎవర్రా?"

తల దించుకున్నాడు. చివరికి, "అమావాస్య దాకా పొయ్యి మాత్రం ఆర్పకు అక్కా" అని తెర ఆపేశాడు.

నేనెవరికైనా చెబుతానేమో అన్న అనుమానం వాడికి రాలేదు. అక్క కదా. అక్క ఎక్కడికి పోతుంది?

బహుళ త్రయోదశి

పొయ్యి వెలిగించలేదు.

దీవులవాళ్ళ మీద జాలితోనో, ధర్మం కోసమో చేశానని గొప్పలు చెప్పుకోను. రాత్రంతా దొర్లి దొర్లి, తెల్లారేసరికి ఒళ్ళంతా మంటగా ఉంది. నా నోటితో మాటిప్పించాడు, నా చేత్తో ముద్ద తినిపించాడు. వాడి అబద్ధానికి నన్ను గరిటె చేసుకున్నాడు. ఆ కోపం చాలు నాకు. నీళ్ళ సంగతి నిజమే, మనవాళ్ళ గొంతులు ఎండుతున్నది నిజమే. అది చెప్పి అడిగితే దాలమ్మ జల్లెడలు ఇంకా పంపేది. అడగను కూడా లేదు.

బురుజు గంట మోగింది. మోగుతూనే ఉంది. కాసేపటికి దాలమ్మ జుట్టు ముడి కూడా వేసుకోకుండా ఆయాసపడుతూ వచ్చింది. కొంగులో పొడి పిడకలు పోసుకొచ్చింది.

"నీ పిడకలు తడిసిపోయినాయేటి వదినా? ఇయ్యి ఎట్టు. జనం కంగారు పడిపోతన్నారు."

బిందెలో నీళ్ళు తీసి పొయ్యిలో కుమ్మరించాను. బూడిద ముద్దయిపోయి నా కాళ్ళ మీదికి కారింది. అప్పుడు చెప్పాను. బస్తాలు, దేవుడి పటం, ఆనవాలు, అమావాస్య, అన్నీ.

దాలమ్మ కొంగు వదిలేసింది. పిడకలు నేలపాలయ్యాయి. ఆమె కూడా వాటి పక్కనే కూర్చుండిపోయింది.

"ముద్ద తినీసినాను గదే" అంది. "అందరి ముందూ తినీసినాను."

"నాకు తెలీదు వదినా. పెట్టినప్పుడు నాకు తెలీదు."

"నీకు తెలీదు. నీ మొగం సూసి నమ్మినాను, నీకే తెలీదు." లేచి గుమ్మంలోకి పోయి బురుజు వైపు చెయ్యూపింది. కొంచెంసేపటికి బురుజు మీద ఎర్రదీపం వెలిగింది. పట్టపగలు కూడా ఎంత ఎర్రగా ఉందో. దూరంగా నీళ్ళ మీద ఇంకొకటి వెలిగింది.

నా వైపు తిరక్కుండా కాపలావాళ్ళతో, "పూచీ మనిషిని గోదాంలో ఎట్టండి" అంది. ఇన్నేళ్ళలో ఆమె నన్ను ఆ పేరుతో పిలవడం ఇదే మొదలు.

అమావాస్య

ఎండుచేపల గోదాంలో ఉన్నాను. పుస్తకం, కలం ఇచ్చారు. రాయడం నా పని కాబట్టి రాస్తున్నాను, ఎవరికోసమో తెలీదు.

పడవలు నిన్న సాయంత్రం వచ్చాయి. సరుకు ఓడల వెంట నెమ్మదిగా నడవబట్టి ఇంకా ఎంతో దూరం పోలేదట. ఎర్రదీపం చూసి ఆ ఓడల్ని ఎక్కడివక్కడ వదిలేసి తెరచాపలతోనూ, యంత్రాలతోనూ కొట్టుకుంటూ వచ్చారట. ఆ సరుకు ఓడలు చాలావరకు ఖాళీవని సరంగులు తిట్టుకోవడం నాకు వినబడింది.

పొద్దున చెక్కల సందులోంచి చూశాను. సంస్థ ఓడలు వచ్చాయి. నల్లగా, ఎత్తుగా, ఒక్కో ఓడ మా పాత ఊరంత ఉంది. రేవు బోసిగా ఉంటుందనుకుని వచ్చారు. రేవు మూతికి అడ్డంగా పడవలన్నీ గొలుసు కట్టి నిలబడి ఉన్నాయి. ఎండ నడినెత్తికి వచ్చేదాకా ఎవరూ కదల్లేదు.

నేను మాత్రం ఆ ఓడల్ని ఎక్కువసేపు చూడలేదు. మా తీరం ఉన్న పడమర వైపే చూస్తూ కూర్చున్నాను. ఒప్పందం ప్రకారం మా పెద్ద ఓడలు రావాలి. ఏమో, వాడి మనసు మారిందేమో, పొయ్యి ఆరిందని తెలిసి అక్కకి ఏమైందోనని పరుగెత్తుకొస్తాడేమో. వస్తే దాలమ్మ కాళ్ళ మీద పడి, నేను చెప్పిందంతా తప్పని ఒప్పుకుందామనుకున్నాను. ఎంత సిగ్గులేని ఆశో చూడండి.

ఒక్క ఓడ కూడా రాలేదు. మధ్యాహ్నానికి సంస్థ ఓడలు మొహం తిప్పుకుని వెళ్ళిపోయాయి. బయట జనం అరుపులూ, ఏడుపులూ. నా తలుపు ఎవరూ తియ్యలేదు.

శుద్ధ విదియ

నేను చనిపోయాను. మా ప్రభుత్వమే చెప్పింది.

కాపలావాడు తెర తెచ్చి చూపించాడు. అందులో నేనున్నాను, డొక్కలెండిపోయి, జుట్టు రేగిపోయి. "తమ్ముడా, వీళ్ళు నాకు తిండి పెట్టడం లేదు, నన్ను చంపేస్తారు" అని ఏడుస్తున్నాను. గొంతు నాదే, దగ్గు కూడా నాదే. కానీ వాణ్ణి నేను ఎన్నడూ తమ్ముడా అని పిలవలేదు. దీవులవాళ్ళు పూచీ మనిషిని చంపి ఒప్పందాన్ని మట్టిలో కలిపారని, ఇక సాగర సంస్థతోనే మా పొత్తు అని ఆ తర్వాత ప్రకటన.

ఆ తర్వాత సన్యాసిరావు కనిపించాడు. గుండు చేయించుకుని, తడిబట్టలతో ఒడ్డున నిలబడి నాకు నీళ్ళు వదులుతున్నాడు. వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు. నా బొమ్మ దించారు గానీ వాడి ఏడుపు మాత్రం దించినది కాదు. పెంచినదాన్ని, నాకు తెలుసు. నిజంగానే ఏడుస్తున్నాడు. అందుకే వాణ్ణి క్షమించలేకపోతున్నాను. ఏడుపొచ్చేంత ప్రేమ ఉండి కూడా చేశాడు.

సాయంత్రం దాలమ్మ వచ్చింది. తలుపు దగ్గరే నిలబడింది.

"సచ్చిపోయినావంట" అంది.

"అలాగే అంటన్నారు."

"నీ పానం ఏం సెయ్యాలా అని పొద్దున్నుంచీ రేవంతా కొట్టుకుంది. సచ్చినదాన్ని మళ్ళీ ఏటి సంపుతాం?" నవ్వలేదు. "నీ ఇంట్లో బియ్యం ఉన్నాయి. పడవలోళ్ళు తిండి లేక ఉన్నారు. వండగలవా?"

వండగలనన్నాను.

బస్తా విప్పాను. మేలు రకం బియ్యమే పంపాడు, పాపం. పొయ్యిలో బూడిద గడ్డకట్టుకుపోతే చేత్తో తవ్వి తీశాను. పొగ లేచింది. బురుజు మీద గంట మోగలేదు, ఆ పొగతో ఇక ఎవరికీ పని లేదు. పెద్ద గుండిగల్లో వండి, రేవులోకి మోయించి, చాపలు పరిపించాను. పడవలవాళ్ళు వరసగా కూర్చున్నారు. కళ్ళు లోపలికి పోయి ఉన్నాయి. ఎవరూ చెయ్యి చాపలేదు.

అలవాటు కొద్దీ మొదటి ముద్ద కలిపి దాలమ్మ వైపు చాపాను.

దాలమ్మ అందుకోలేదు. "ముందు నువ్వు తిను" అంది.

వదినా అనలేదు. చుట్టూ అంతమందీ నా చేతి వైపే చూస్తున్నారు. ఆ ముద్ద నా నోట్లో పెట్టుకున్నాను. మింగేదాకా చూశారు. తర్వాత చివర కూర్చున్న ముసలి సరంగు పళ్ళెం ముందుకు జరిపాడు, ఆ పక్కవాడు జరిపాడు. నేను గరిటె తీసుకుని వడ్డించడం మొదలెట్టాను.